పదకొండు కాజాలు

ప్లీడరమ్మ తన గదిలోని పొడవాటి బల్ల మీద ఐదు పాత కోటులు పరిచింది. కాలర్లూ జేబులూ కనబడకుండా వాటి మీద దుప్పటి కప్పి, బొత్తాల పట్టీ మాత్రం బయటికి వదిలింది.

"కూర్చోండి అక్కా. తొందరేం లేదు. ఈ ఐదింట్లో మీ తమ్ముడు కుట్టిన కాజాలు ఏవో చెప్పండి."

అక్కకు నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చేస్తున్నది ఆ పనే. మాస్టారి టైలరు షాపులో మిషను పని అయిపోయిన కోటు ఆమె ఒళ్ళోకి వస్తుంది. బొత్తాం దూరేందుకు కోసిన కంత చుట్టూ, మైనం రాసిన పట్టుదారంతో ఒక్కో ముడీ పక్కపక్కనే వేసుకుంటూ పోతుంది. పోగు లేవకూడదు, బట్ట ముడుచుకోకూడదు. అందుకే వీధి వీధంతా ఆమెను కాజాలక్క అంటుంది. అసలు పేరు ఆస్పత్రి చీటీల మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

"నాకు పరీక్ష పెడుతున్నావా అమ్మా?"

"గురువారం అప్పీలు కోర్టులో ప్రభుత్వ ప్లీడరు పెడతాడు. ఆయన కంటే ముందు నేను పెట్టి చూసుకోవద్దా?"

"పెట్టు, పెట్టు. వాడికి సూది పట్టుకోవడం నేర్పింది నేను. కళ్ళకు గంతలు కట్టినా చెబుతాను."

"గంతలు వద్దులెండి. తెరిచే చూడండి."

కాజాలక్క కుర్చీని కిటికీ వైపు జరుపుకుంది. మొదటి కోటు పట్టీ మీద బొటనవేలు ఒక్కసారి రాసి పక్కకు నెట్టేసింది.

"ఇది మిషను కాజా. దీన్నెందుకు పెట్టావు, నన్ను ఆటపట్టించడానికా?"

రెండోది దగ్గరగా పట్టుకుని చూసింది. దారం లాగి లాగి కుట్టారు, కంత మూతి బిగుసుకుపోయింది. "పెళ్ళాంతో పోట్లాడి వచ్చి కుట్టినట్టున్నాడు ఎవడో. మావాడిది కాదు." నాలుగోది తిరగేసి, లోపలివైపు ముడి చూసి తల అడ్డంగా ఊపింది. మిగిలినవి మూడోది, ఐదోది. మూడోది చూసింది. ఐదోది చూసింది. మళ్ళీ మూడోది. ప్లీడరమ్మ కలం పట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. ఆ కలం తన కోసమే ఆగి ఉందనిపించి కాజాలక్క ఐదో కోటు మీద చెయ్యి వేసింది.

"వీటన్నిట్లోకీ ఇదే వాడి చేతికి దగ్గరగా ఉంది."

ప్లీడరమ్మ రాసుకుంది. "ఇదేనా?"

"ఇదే."

"మళ్ళీ ఒకసారి చూస్తారా?"

"ఎన్నిసార్లు చూసినా ఇదే. నూటికి నూరుపాళ్ళు, రాసుకో."

ప్లీడరమ్మ లేచి దుప్పటి తీసింది. ఐదో కోటు కాలరు మడిచి లోపలి గుర్తు చూపించింది. కుట్టిన సంవత్సరం అక్కడ దారంతో వేసి ఉంది. "ఇది మా పెదనాన్నగారిది అక్కా. ఇది కుట్టేనాటికి మీ తమ్ముడింకా షాపులో చేరలేదు. కాజాలతో సహా మీ మాస్టారే కుట్టారు. మీ తమ్ముడు కుట్టింది మూడోది."

కాజాలక్క ఆ సంవత్సరాన్ని వేలితో తడిమింది. కోటును తిరగేసింది. కాజా తలకట్టు దగ్గర గుండ్రంగా తిప్పిన దారం, చివర అడ్డంగా వేసిన మూడు పోగులు. మాస్టారు తనకు నేర్పింది అదే, తాను తమ్ముడికి నేర్పింది అదే. ఒకే చెయ్యి ముగ్గురిలోకి వచ్చింది. ఇంతకాలం ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేది.

"కింది కోర్టు ఏం రాసిందో గుర్తుందా?" ప్లీడరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

గుర్తు లేకపోవడమేమిటి. చిన్నప్పుడు బడి ముఖం చూడకపోయినా, షాపులో కొలతల పుస్తకం పట్టుకుని తనంతట తానే అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆ తీర్పు కట్టను పంక్తి కింద వేలు పెట్టుకుని మూడేళ్ళలో నాలుగుసార్లు చదివింది. ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు పెద్ద హోటలు గేటు కాపలాదారు షాపుకొచ్చి కోటు వేసి చూసుకున్నాడు. అప్పటికి కోటుకు ఒక్క కాజా లేదు. ఎనిమిదింటికి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేసరికి పదకొండూ ఉన్నాయి: ముందు మూడు, చేతులకు నాలుగేసి. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలకు తక్కువ పట్టదు. ఆ మధ్యలో ఏడుంబావుకు, షాపు నుంచి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న సందులో, మందుల షాపాయన్ని ఎవడో వెనక నుంచి పొడిచి పారిపోయాడు. ఆయన బతికాడు గానీ పొడిచినవాడి ముఖం చూడలేదు. చూసింది రెండో అంతస్తు మెట్ల కిటికీలోంచి ఒక టీచరమ్మ. ఆమె తమ్ముణ్ణి చూపించింది. అంతకు వారం ముందే గడువు దాటిన మందు ఇచ్చాడని తమ్ముడు ఆ షాపాయనతో గొడవ పడి ఉండటంతో పోలీసులకు పని సులువైంది.

ఆ రోజు కాజాలక్క జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. షాపులో ఉన్నవి రెండే చేతులు, తమ్ముడిదీ మాస్టారిదీ. కాజాలు తమ్ముడు కుట్టి ఉంటే సందుకు వెళ్ళలేదు. మాస్టారు కుట్టి ఉంటే వెళ్ళి ఉండొచ్చు.

"ఆ పదకొండూ మాస్టారివి కావని నేను గుర్తుపట్టి చెబితే చాలన్నావు," అంది కాజాలక్క.

"అన్నాను."

"ఇప్పుడు చెప్పలేను."

ప్లీడరమ్మ కాదనలేదు. కోటులు ఒక్కొక్కటే మడత పెట్టింది. నాలుగో మడత దగ్గర కాజాలక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇందాక నేనేమన్నాను? ఐదోది పట్టుకున్నప్పుడు. రాసుకున్నావుగా, చదువు."

ప్లీడరమ్మ కాగితం చూసి చదివింది. "వీటన్నిట్లోకీ ఇదే వాడి చేతికి దగ్గరగా ఉంది."

"ఇలాంటి మాటే మన కట్టలో ఉంది. పోలీసులు ఎనిమిదిమందిని వరసగా నిలబెట్టి ఆ టీచరమ్మకు చూపించారే, ఆ కాగితంలో. తియ్యి."

వెతకడానికి కాస్త సేపు పట్టింది. కాగితం దొరికాక ప్లీడరమ్మ పైకే చదివింది: సాక్షి వరుస వెంట రెండుసార్లు నడిచి, ఆరో వ్యక్తి దగ్గర ఆగి, "వీళ్ళందరిలోకీ ఇతనే దగ్గరగా ఉన్నాడు" అని చెప్పినది. కనుక గుర్తించినట్లుగా నమోదు చేయడమైనది.

ఐదు నెలల తర్వాత కోర్టులో అదే టీచరమ్మ "ఇతనే, ఏమాత్రం అనుమానం లేదు" అంది. శిక్ష ఆ రెండో మాట మీద పడింది.

"పాత ప్లీడరుగారు ఆవిడ అబద్ధాలకోరని రాశారు," అంది ప్లీడరమ్మ. "పగబట్టి చెప్పిందని."

"నేనూ అలాగే అనుకున్నాను. కోర్టు వరండాలో ఎన్నిసార్లు ఎదురుపడిందో, అన్నిసార్లూ లోపల్లోపల తిట్టుకున్నాను." కాజాలక్క ఐదో కోటును ముందుకు తోసింది. "నేనిప్పుడు అబద్ధమాడానా అమ్మా?"

"లేదు."

"మరి అంతే. ఆవిడ కూడా ఆడలేదు. అలా రాయి."

*

షాపులో మాస్టారు సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తున్నారు. డెబ్బై దాటినా నడుం వంగలేదు. మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు.

"ఏమన్నారే పరీక్షలో? ఫస్టు క్లాసేనా?"

"తప్పాను మాస్టారూ. మీరు కుట్టిన కాజా పట్టుకుని మావాడిదన్నాను."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. దాచుకుందామని చూశారు గానీ మీసాలు సాయపడలేదు. "నా చెయ్యి కుర్రాడి చెయ్యిలా ఉందన్నమాట."

"పదిహేనేళ్ళ కిందటి చెయ్యిలెండి."

"చెయ్యికి వయసేమిటే."

ఆమె తన మూల పీట మీద కూర్చుని దారానికి మైనం రాస్తూ, మాటవరసకే అడిగింది. "చివరిసారి మీరు కాజా ఎప్పుడు కుట్టారు?"

"ఎప్పుడంటే... నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు ఆ హోటలువాడి కోటుదే ఒకటి కుడదామని గుడ్డపేలిక మీద మొదలుపెట్టాను. చెడిపోయింది. నాలుగు పోగులు వేస్తే మూడు పక్కకు పోయాయి. మీవల్ల కాదులే మాస్టారూ అని మీ తమ్ముడు లాక్కున్నాడు." సుద్దముక్క ఆగిపోయింది. ఏం చెప్పారో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

కాజాలక్క మైనం ముద్ద కింద పెట్టింది. "ఎందుకు చెడిపోయింది?"

"చెయ్యి వణికింది."

"మీ చెయ్యి ఇప్పటికీ వణకదు."

మాస్టారు లేచి తలుపు దగ్గరకు వెళ్ళి, వీధిలోకి చూసి, తలుపు ఓరగా వేశారు. తిరిగొచ్చి ఆమె ఎదురుగా కూర్చోకుండా మిషను వైపు తిరిగి కూర్చున్నారు.

"కనబడలేదే. అప్పటికి ఆరు నెలలుగా సరిగా కనబడటం లేదు. గుడ్డ చేత్తో తడిమి కోసేవాణ్ణి. కొలతలు మీ తమ్ముడు చదివి చెబుతుంటే ఏదో పరధ్యానంలో ఉన్నట్టు మళ్ళీ చెప్పమనేవాణ్ణి. తర్వాత మూడు వారాలకు పెద్దాస్పత్రికి పోయి రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్నాను. చుట్టాలింటికి వెళ్ళొచ్చానని చెప్పాను చూడు, అప్పుడు."

అప్పుడు తమ్ముడు లాకప్పులో ఉన్నాడు. మాస్టారు ఎక్కడికి వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో అడిగే తీరిక ఆమెకు లేకపోయింది. ఆయన కాజాలు కుట్టకపోవడం పెద్దరికం అనుకుంది, సూదిలో దారం ఎక్కించమనడం కూడా పెద్దరికమే అనుకుంది. పక్కనే కూర్చుని చూడలేదు.

"మరి కోర్టులో?"

"కోర్టులో ఆ ప్లీడరు అడిగిందేమిటి? మాస్టారూ, మీరు కాజాలు కుట్టగలరా అన్నాడు. ఎదురుగా మన ఖాతాదారులు నలుగురున్నారు. కళ్ళు మూసుకుని కుడతానన్నాను. అప్పటికి ఆపరేషను అయిపోయింది, కుట్టగలను కూడా. అందులో అబద్ధమేముంది? కుర్రాడు షాపులోనే ఉన్నాడని అంతకుముందే నిలబడి చెప్పానుగా."

కాజాలక్క సంచీలోంచి తీర్పు నకలు తీసింది. ఆయన ఎప్పుడూ చదవలేదని ఆమెకు తెలుసు. శిక్ష అన్న మాట విన్నాక మిగతాది ఎందుకన్నారు అప్పట్లో. వేలు పెట్టుకుని, తొందర లేకుండా చదివింది.

"కాజాలు ముద్దాయి తప్ప వేరెవరూ కుట్టి ఉండరన్న వాదన నిలవదు. షాపు యజమాని తాను కళ్ళు మూసుకుని సైతం కాజాలు కుట్టగలనని స్వయంగా చెప్పి ఉన్నాడు."

మాస్టారు మెడలోని టేపు తీశారు. దాన్ని వేలికి చుట్టడం మొదలుపెట్టి, చివరిదాకా చుట్టి, మళ్ళీ విప్పారు.

"ఇది నాకెవరూ చెప్పలేదే."

"నేను చదివాను మాస్టారూ. చదివి, ఇది జడ్జీగారు కల్పించుకున్న వంక అనుకున్నాను. మీరు నిజంగానే కుట్టగలరని నాకూ నమ్మకం."

"టైలరుకు చూపు పోయిందని బయటికి తెలిస్తే ఎవడైనా గుడ్డ ఇస్తాడా? ఇచ్చినవాడు కూడా ఇంకెప్పుడైనా వస్తాడా?"

"రాడు."

"మరి అలా అంటావేమే, కాస్త ఓదార్చకుండా."

"గురువారం నేనూ నిలబడి, ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టి కూడా కాజా చూసి చెయ్యి చెప్పలేనని అందరి ముందూ ఒప్పుకోవాలి. నాదీ ఇదే షాపు కదా. ఇక మనిద్దరికీ ఏం మిగిలితే అదే మిగులుతుంది."

 వీధిలోంచి ఎవరో తలుపు తోసి, "మాస్టారూ, నా ప్యాంటు అయిందా?" అన్నారు. "రేపు," అన్నారు మాస్టారు, అలవాటుగా. ఆ మనిషి వెళ్ళిపోయాక లేచి, నమూనా కాగితాలు పెట్టుకునే పైఅర మీదికి చెయ్యి చాచారు. ఆస్పత్రి కవరు తీయడానికి ఆయనకు తడుముకోవాల్సిన పనే లేకపోయింది.

*

బుధవారం జైల్లో ములాఖత్. అద్దానికి అవతల తమ్ముడు, ఇవతల ఆమె, మధ్యలో ఫోను. వాడు లోపల కూడా బట్టలే కుడుతున్నాడు. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు; కాజాలు మిషనువి.

"రేపు నువ్వు ఆ కోటు చూసి దుమ్ము దులిపెయ్యాలక్కా. ప్రభుత్వ ప్లీడరు నోరు తెరిచి ఉండిపోవాలి."

"రేపు నేను నాకు తెలీదని చెబుతాను."

తమ్ముడు ఫోను ఒక చెవి నుంచి రెండో చెవికి మార్చుకున్నాడు, తప్పు దానిదేమోనన్నట్టు. ఆమె ఐదు కోటుల సంగతి చెప్పింది. మాస్టారి కళ్ళ సంగతీ చెప్పింది. వాడు అంతా విని, మొదటి దగ్గరే ఆగిపోయాడు.

"ఆ కాజాలు నావేనక్కా."

"నీవే."

"మరి?"

"నువ్వు చెప్పావు కాబట్టి నీవని నాకు తెలుసు. చూసి తెలుసుకోలేదు. ఆ రెండూ వేరని నాకు మొన్నటిదాకా తెలీదు."

"మాస్టారికి కనబడదని నేను అప్పుడే పసిగట్టాను," అన్నాడు తమ్ముడు. "పాపం పెద్దాయన బయటపడకూడదనుకుంటున్నాడని ఊరుకున్నాను. అది కేసులోకి వస్తుందని నాకేం తెలుసు?"

"ముగ్గురం ముగ్గురమే. ఒకళ్ళ పరువు ఒకళ్ళం కాపాడుకుంటూ కూర్చున్నాం."

వాడు నవ్వాడు. నవ్వితే ముందరి పన్ను కొంచెం పక్కకు కనబడుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆమె ఆ పన్నునే చూస్తూ కూర్చుంది. టైమైపోయిందని గంట కొట్టారు. ఎప్పుడూ వాడే ముందు లేస్తాడు. అక్క వీపు చూడటం తనవల్ల కాదని మొదటి నెలలోనే చెప్పాడు, అప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా ముందు లేవలేదు. ఈసారి వాడు లేవబోతూ మళ్ళీ ఫోను ఎత్తాడు.

"తెలీదన్నావని కోర్టువాళ్ళు ఇంకో నాలుగేళ్ళు ఉంచితే?"

"అబద్ధంగా తెలుసంటే నువ్వు బయటికొస్తావని ఎవరన్నారు? అలాంటి మాట ఒకటి చెబితేనే లోపలికొచ్చావు."

*

కోర్టు హాలు పెద్దదే గానీ కిటికీలు చిన్నవి. పైన ఇద్దరు జడ్జీలు. ఒకాయన పెద్దాయన, కాగితాల్లోంచి తల ఎత్తడం తక్కువ. రెండో ఆమె నడివయసు మనిషి, కలం పట్టుకోకుండా వింటుంది. చివరి వరసలో, ప్రతి వాయిదాకూ వచ్చినట్టే, టీచరమ్మ వచ్చి కూర్చుంది. ఒళ్ళో దిద్దాల్సిన పిల్లల నోటుబుక్కుల కట్ట.

కాజాలక్కను పిలిచారు. గుమాస్తా అట్టపెట్టెలోంచి హోటలు కోటు తీసి ఆమె చేతికిచ్చాడు. ముదురు ఎరుపు, చేతుల అంచుకు బంగారు పట్టీ.

"మీ తమ్ముడి చేతిపని చూసి గుర్తుపడతానని అఫిడవిట్లో రాశారు," అంది జడ్జీగారు. "చూసి చెప్పండి."

ఆమె అలవాటు ప్రకారం కోటు పట్టుకుని కిటికీ వైపు నాలుగడుగులు వేసింది. బంట్రోతు అడ్డం రాబోతే జడ్జీగారు చేత్తో వద్దని సైగ చేసింది. ముందు మూడూ చూసింది. కుడి చేతివి నాలుగు, ఎడమ చేతివి నాలుగు. మూడో కాజా దగ్గర పోగు కొంచెం జారి, మళ్ళీ సర్దుకుంది. వాడిదే, వాడిదే అని లోపల ఎవరో అంటున్నారు. ఆ గొంతు ఆమెకు బాగా పరిచయమైంది, సోమవారం నాడు కూడా అదే గొంతు మాట్లాడింది.

కోటు మడిచి బల్ల మీద పెట్టింది.

"తెలీదండి."

హాల్లో కుర్చీ ఒకటి కిర్రుమంది.

"చూస్తే వాడివే అనిపిస్తున్నాయి. నేను వాడి అక్కని కదండీ, అనిపిస్తాయి. మొన్న మా ప్లీడరమ్మ ఐదు కోటులు పెట్టి తియ్యమంటే, మా మాస్టారిది తీసి వాడిదన్నాను. అడిగినకొద్దీ ఇంకా గట్టిగా అన్నాను. మొదట దగ్గరగా ఉందన్నాను, ఆఖరికి నూటికి నూరుపాళ్ళన్నాను. మధ్యలో కొత్తగా చూసింది ఏమీ లేదు. వాడి చెయ్యి పక్కన కూర్చుని పదేళ్ళు చూశానండి నేను."

ప్రభుత్వ ప్లీడరు లేచాడు. అడగబోయే ప్రశ్నలన్నీ రాసుకొచ్చిన కాగితం చేతిలో ఉంది. దాన్నొకసారి చూసి, "ఇక నేను అడిగేదేముంది," అన్నాడు, కొంచెం సంతోషంగానే.

"నేనూ ఈమెను అడిగేదేమీ లేదు," అంది ప్లీడరమ్మ. "ఒక కాగితం మాత్రం చదువుతాను." ఎనిమిదిమంది వరస నాటి కాగితంలోని పంక్తి చదివింది. ఐదు నెలల తర్వాతి వాంగ్మూలంలోని పంక్తి చదివింది. "ఈ రెంటి మధ్యా కూడా సాక్షి కొత్తగా చూసింది ఏమీ లేదు. మెట్ల కిటికీ నుంచి ఆమె చూసింది కొన్ని క్షణాలు. ఆమె అబద్ధం చెప్పిందని మేము అనడం లేదు. మా అప్పీలులోంచి ఆ మాట తీసేస్తున్నాం."

చివరి వరసలో నోటుబుక్కులు ఒళ్ళోంచి జారి నేల మీద పడ్డాయి. టీచరమ్మ వాటిని ఎత్తుకోలేదు.

తర్వాత మాస్టారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెడలో టేపు లేదు. ఆస్పత్రి కాగితం జడ్జీల ముందుకెళ్ళింది. పొడిచిన రోజుకు ఎనిమిది రోజుల ముందు డాక్టరు రాసింది: రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లాలు, మూడడుగుల దూరంలో వేళ్ళు మాత్రమే లెక్కపెట్టగలడు.

"ఇది కింది కోర్టులో ఎందుకు చెప్పలేదు?" పెద్ద జడ్జీగారు మొదటిసారి తలెత్తి అడిగారు.

"సిగ్గేసిందండి."

"ఇప్పుడు సిగ్గు లేదా?" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

"ఉందండి. అయినా వచ్చాను."

జడ్జీగారు హోటలు కోటును తన ముందుకు తెప్పించుకుంది. కాజాలో ఒకదాన్ని వేలితో తడిమింది. "చూపు లేకుండా ఇది కుట్టగలరా?"

మాస్టారు కోటు వైపు చూశారు. ఈ మనిషి గొప్ప కోసం ఏమైనా అంటాడేమోనని కాజాలక్క భయపడింది.

"ఎవడూ కుట్టలేడండి," అన్నారు మాస్టారు. "కళ్ళు మూసుకుని కుడతామని అందరం అంటాం."

భోజనాల తర్వాత తీర్పు చెప్పారు. పెద్దగా లేదు. సాక్షి నిజాయితీని శంకించడం లేదన్నారు. నిజాయితీ వేరు, గుర్తింపు వేరన్నారు. ఐదున్నరకూ ఎనిమిదికీ మధ్య ఆ పదకొండు కాజాలూ ఎవరో ఒకరు కుట్టారని, కుట్టగలిగిన చూపు ఆ రోజు ఆ షాపులో ఒక్కరికే ఉందని, అలాంటప్పుడు దగ్గరగా ఉన్నాడన్న మాట మీద ఒక మనిషిని లోపల ఉంచలేమని అన్నారు. శిక్ష రద్దు. కాగితాలు అందితే రేపు పదింటికి విడుదల.

ప్లీడరమ్మ ఆమె భుజం పట్టుకుంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రేపు షాపు తెరవాలా వద్దా?" అన్నారు.

"తెరవండి. వాడు జైలు నుంచి తిన్నగా అక్కడికే వస్తాడు. మిమ్మల్ని చూడందే అన్నం తినడు."

*

నకలు కోసం వరండాలో బల్ల మీద కూర్చుంది కాజాలక్క. కాస్సేపటికి ఎవరో వచ్చి బల్ల అవతలి కొస దగ్గర నిలబడ్డారు. టీచరమ్మ. నోటుబుక్కుల కట్టను రెండు చేతులతో గుండెకు అదుముకుని ఉంది. మూడేళ్ళుగా ఈ మనిషికి చెప్పాలనుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. వరస తప్పకుండా, ఒక్కటీ మర్చిపోకుండా దాచుకున్నవి. వెతికితే ఒక్కటీ దొరకలేదు. జరిగి చోటిచ్చింది.

టీచరమ్మ కూర్చుంది.

"కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ మీ తమ్ముడే కనబడతాడండి. ఆ సందులో, ఆ లైటు కింద. ఇవాళ ఇంత విన్నాక కూడా."

"ఆ వరసలో చూశారు కదండీ. ఆ ముఖం ఇక్కడికొచ్చి చేరి ఉంటుంది."

"అయితే నేను చూసినవాడి ముఖం ఏది?"

 గుమాస్తా గదిలో స్టాంపు వేస్తున్న చప్పుడు వినబడుతోంది.

"రేపు నేను జైలు దగ్గరికి రావచ్చా?"

"వద్దండి. రేపు వద్దు."

"తర్వాత?"

"తర్వాత చూద్దాం. వాణ్ణి అడగాలి."

టీచరమ్మ తలూపింది. పైనున్న నోటుబుక్కు మూల మడత విప్పి చేత్తో నొక్కింది. మళ్ళీ అదే మూల నొక్కింది. "ఒకే ఊరు కదండీ. ఎప్పుడైనా బజార్లో ఎదురుపడతాం. అతను నన్ను గుర్తుపడతాడంటారా?"

ఆమె భయపడుతోందని కాజాలక్కకు తెలిసింది. ఆ భయం పోగొడదామనే, మెత్తగా, తన తమ్ముడి కంటే చిన్నదానితో మాట్లాడినట్టు చెప్పింది.

"ఎలా గుర్తుపడతాడండీ? మిమ్మల్ని చూసింది కొన్ని క్షణాలే కదా, అదీ ఎప్పుడో."

అన్నాక గానీ ఆ మాట ఆమెకు వినబడలేదు. టీచరమ్మ చెయ్యి నోటుబుక్కు మీద ఆగిపోయింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ, నకలు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.